కస్తూరి ఎడమ కాలు

“ఎడమ ముందు కాలు కుంటుతోంది. దీన్ని ఇక ముందుకు పంపలేను” అని పశువుల డాక్టరమ్మ అనేసరికి, భూమన్న తన ఎడమ కాలి తిమ్మిరి వదిలించుకునే పనిలో ఉన్నాడు. గుర్రం దిగిన ప్రతిసారీ అతనికి ఆ కాలు మొద్దుబారుతుంది. పగ్గాలు చేతికి చుట్టుకుని, కస్తూరి మెడ మీద చెయ్యి ఆనించి కాలు విదిలిస్తున్నవాడు ఆ మాట విని ఠక్కున కాలు కింద పెట్టాడు.

“రాయి గీయి ఇరికిందేమో మేడం. ఇంకొక్కసారి ఉరికిస్త, చూడుండ్రి.”

డాక్టరమ్మ సరేనంది. దూర సవారీల్లో ఎవరు ముందు వచ్చారన్నది తర్వాతి మాట. దారి మధ్యలో గేటు దగ్గర ఆగాలి. గుర్రం గుండె వేగం తగ్గాలి. జీను దించి, గట్టి నేల మీద మనిషి పక్కన పరిగెత్తిస్తే గుర్రం తిన్నగా పరిగెత్తాలి. అప్పుడే మిగతా దూరానికి వదులుతారు. ఈ సవారీ దుర్గాపూర్ మైదానంలో మొదలై, ఇరై నది గట్టు మీదుగా పల్లెలు చుట్టి మళ్ళీ మైదానానికే చేరుతుంది. కస్తూరి గుండె మిగతా గుర్రాలకంటే ముందే నెమ్మదించింది. స్టెతస్కోపు తీస్తూ డాక్టరమ్మ “వాహ్” అని కూడా అంది. భూమన్న ఆశంతా ఆ వాహ్ మీదే ఉంది.

గోధుమరంగు గుర్రం, పక్కన బూట్లు టపటపలాడిస్తూ అరవై దాటిన మనిషి. ఇద్దరూ ఆ చివరిదాకా పోయి వెనక్కి వచ్చారు. ఎడమ కాలు నేలకు తగిలినప్పుడల్లా కస్తూరి తల ఎగిరిపడింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, వెనక నిలబడ్డ గుర్రాన్ని రమ్మంది.

పోయినేడు కూడా ఇదే గేటు, ఇదే కాలు. అప్పుడు తప్పంతా జీను కింది మెత్తదని తేల్చి కొత్తది కొన్నాడు. గిట్టలకు ఇనుప నాల్ కొట్టే మనిషిని కూడా మార్చాడు. తప్పు ఎక్కడుందో వెతకడంలో భూమన్నకు చాలా ఓపిక. వెతికే చోట్లు మాత్రం ఎప్పుడూ తనకు కాస్త దూరంగా ఉంటాయి. ఈసారి అతని కళ్ళు నీడలో పెట్టె ముందు కూర్చున్న దత్తు మీద పడ్డాయి. సవారీకి వచ్చిన గుర్రాలన్నిటికీ నాల్ కొట్టింది దత్తే.

“దత్తూ, ఏం కొట్టినవయ్యా నాల్? మొల నరానికి దింపినవా?”

దత్తు లేచి వచ్చాడు. చంద్రపూర్‌లో పుట్టి పెరిగిన మరాఠీ మనిషి, గని కాలనీల్లో తిరిగి తెలుగు నేర్చాడు. “నాహీ కాకా, చూద్దాం” అంటూ కస్తూరి కాలు ఎత్తి తన మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. గిట్ట చుట్టూ పట్టకారుతో నొక్కాడు. కస్తూరి చెవి కూడా కదపలేదు. అరచెయ్యి పెట్టి చూశాడు, వేడి లేదు. “ఏం లేదు కాకా” అన్నాడు.

“ఏం లేకుంటె ఎందుకు కుంటుతది? నాల్ ఊడగొట్టు. నలుగురు చూడాలె.”

నలుగురూ అప్పటికే చూస్తున్నారు. గుర్రాల క్లబ్బు నడిపే ప్రణాలి నీళ్ళ సీసా మూత తిప్పుతూ దగ్గరికి వచ్చింది. దత్తు ఒక్కొక్క మొలా లాగి తన అరచేతిలో పెట్టుకున్నాడు. ఒక్క దానికీ తడి లేదు, నెత్తురు లేదు. అన్నీ లాగాక చెయ్యి చాపి భూమన్నకు చూపించాడు.

భూమన్న వాటివంక చూడలేదు. “చేతులు వణికెటోనికి గుర్రాల పనెందుకు” అన్నాడు అందరికీ వినబడేలా. దత్తు చేతులు వణకవు. అది అక్కడున్న అందరికీ తెలుసు, భూమన్నకు కూడా తెలుసు. కానీ ఒకసారి నోరు దాటిన మాటను వెనక్కి తీసుకోవడం అతను ఏనాడూ నేర్చుకోలేదు. ప్రణాలి తన గుర్రం దగ్గరికి పోయి, దాని గిట్టలు ఒకసారి ఎత్తి చూసుకుంది. దత్తు అది చూశాడు. చూసి, మొలలను పెట్టెలో వేసుకుని మూత పెట్టాడు.

జీను వ్యానులో పెడుతుంటే భూమన్నకు కస్తూరి వీపు కనిపించింది. వీపంతా చెమటతో తడిసి నల్లబడింది. మెడ మొదట్లో ఎడమ పక్కన మాత్రం అరచెయ్యంత మేర పొడిగా, వెంట్రుకలు అణిగిపోయి ఉన్నాయి. కొత్త మెత్త కూడా దగాయేనని తిట్టుకుని వ్యాను తలుపు వేశాడు.

*

దుర్గాపూర్ కాలనీ దాటాక చివరి వరసలో వాళ్ళ ఇల్లు, వెనక రేకుల కొట్టంలో కస్తూరి. పద్మాపూర్ గనిలో రిటైరైన డంపర్ ఆపరేటర్లు కార్లు కొన్నారు, ప్లాట్లు కొన్నారు. భూమన్న గుర్రాన్ని కొన్నాడు. కాలనీ అంతా నవ్వింది, అతని భార్య నిర్మలతో సహా. కొన్నాళ్ళకు నిర్మల నవ్వడం మానేసింది. ఇప్పుడు పొద్దున్నే చాయ్ పెట్టకముందే కొట్టంలోకి పోయి, జొన్నసొప్ప వేసి, కస్తూరితో రెండు మాటలు మాట్లాడి వస్తుంది. కొడుకులతో ఫోన్లో కూడా అంతసేపు మాట్లాడదు.

సవారీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కాలిని ఉప్పు వేసిన వేణ్ణీళ్ళతో కడిగింది ఆమే. బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చుని, లేవాలంటే గోడ పట్టుకుని లేచేది. నడుం నొప్పి ఆమెకు రెండేళ్ళుగా ఉంది. బెల్టు పెట్టుకుంటుంది, తీస్తుంది, మళ్ళీ పెట్టుకుంటుంది.

“మా ఇద్దరాడోళ్ళకు ఒక్కపారే పట్టింది చూడు. నాకు నడుమాయె, దీనికి కాలాయె” అంది గుడ్డ పిండుతూ.

“నీకేమైంది? కుర్చీల కూసొని టీవీ చూస్తవ్” అన్నాడు భూమన్న. నవ్వుతూనే అన్నాడు. నిర్మల కూడా నవ్వింది.

కొన్నాళ్ళ విశ్రాంతి తర్వాత, వేరే మనిషితో ఆ కాలికి నాల్ కొట్టించాక, నిర్మలే పగ్గం పట్టుకుని కస్తూరిని సందులో నడిపించింది. తిన్నగా నడిచింది. నెమ్మదిగా ఉరికిస్తే తిన్నగా ఉరికింది. తల ఎగరెయ్యలేదు. భూమన్నకు ప్రాణం లేచొచ్చింది. తెల్లవారి జీను కట్టి ఇరై గట్టు మీదికి తీసుకుపోయాడు.

చలికాలపు పొద్దు. నది మీద పొగమంచు, దాని పైన విద్యుత్ కేంద్రం చిమ్నీల పొగ. మొదట నడక. తర్వాత దుల్కీ, నడకకూ పరుగుకూ మధ్య సాగే నడక అది. దూరాలు పోయే గుర్రానికి అన్నం పెట్టేది ఆ దుల్కీయే. అందులో మనిషి జీను మీద ఊరికే కూర్చోకూడదు. గుర్రం ఒక అడుగుకు ఎత్తితే లేవాలి, ఇంకో అడుగుకు దిగాలి. లేచి దిగడం కుదిరిందా, కాసేపటికి లేస్తున్నది తనా, గుర్రమా తెలియదు. దాని ఊపిరి చప్పుడులో తన ఊపిరి కలిసిపోతుంది. భూమన్నకు లోకంలో ఇంతకన్నా సుఖం తెలియదు. ముప్పై ఏళ్ళు డంపరు నడిపాడు. అది తోసుకుంటూ పోయే బరువు. ఇది తనను అర్థం చేసుకుని పోయే ప్రాణం అని ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు.

ఆ అర్థం చేసుకోవడానికి అతని దగ్గర ఒక రుజువు కూడా ఉండేది. కస్తూరి ఎప్పుడూ గట్టుకు ఎడమ అంచునే పట్టుకుని పోయేది. “నా లెక్కనే అంచు చూసుకుంటది” అని మురిసిపోయేవాడు. గనిలో డంపరు క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది. లోయలోకి జారకుండా ఆపరేటరు ఎడమకు వంగి అంచును చూసుకుంటూనే ఉండాలి. కస్తూరి మరీ అంచుకు పోతే అతను కుడి పగ్గం లాగి పట్టేవాడు. అందుకే అతని కుడి చేతి వేళ్ళకు కాయలు కాశాయి, ఎడమ చేతికి లేవు. అది కూడా గుర్రం నేర్పిన పని అనుకుని ఆ కాయలను చూసుకునేవాడు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి లయ చెడింది. లేస్తున్నప్పుడు ఏదో తట్టుకున్నట్టయింది. కస్తూరి తల ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. దిగి పగ్గం పట్టుకుని నడిపించాడు. కాసేపటికి తిన్నగా నడిచింది. ఎక్కాడు, కుంటింది. దిగాడు, సర్దుకుంది.

భూమన్నకు కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. గనిలో బండి ఆగిపోతే రెండే కారణాలు. మెకానిక్ సరిగ్గా చెయ్యలేదు, లేకపోతే మనిషి పని ఎగ్గొట్టడానికి వేషం వేస్తున్నాడు. ఆపరేటరు సీట్లో ఎట్లా కూర్చున్నాడని షిఫ్టులో ఎవరూ అడగరు. మెత్త మార్చాడు, నాల్ మనిషిని మార్చాడు. ఇక మిగిలింది వేషమే.

“ఎక్కితె కుంటుతది, దిగితె మంచిగుంటది” అన్నాడు ఇంటికొచ్చి, జీను దబ్బున కింద పడేసి. “నాటకం. పక్కా కామ్‌చోర్. గసుంటోళ్ళను నా సర్వీసుల శానమందిని చూసిన.”

“నోరులేని జీవికి నాటకాలేంది?” అంది నిర్మల.

“నీకు తెల్వదు.”

ఆ సాయంత్రమే బల్లార్‌పూర్‌లో పెళ్ళి గుర్రాలు తిప్పే ప్రేమ్‌కు, కస్తూరిని తీసుకుపొమ్మని ఫోన్ చేశాడు. నిర్మల వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి వింది. ఫోన్ పెట్టేదాకా ఆగింది.

“డీజే చప్పుడుకు చెవులు పగుల్తయ్ దానికి. పటాకులు కాలుస్తరు. ఒద్దయ్యా. సవారీ చెయ్యకు, ఊకె ఉండనీ. నేను మేపుకుంట.”

“పెండ్లి కొడుకును మోసుకోని నాలుగడుగులు ఏస్తె సాలు. దాని వొంటికి గదే తగిన పని.”

నిర్మల పిండి కలపడానికి లోపలికి పోయింది. ఆమె గట్టిగా ఇంకో మాట అని ఉంటే ఆగేవాడినని తర్వాత భూమన్న అనుకున్నాడు. అది నిజం కాదని కూడా అతనికే తెలుసు.

ప్రేమ్ తెల్లవారి వచ్చాడు. ముఖమల్ తాడు తెచ్చాడు, ఎర్రటిది. కస్తూరి ఇంటి గేటు దాకా వచ్చి ఆగింది. గేటు దాటే ముందు రోజూ భూమన్న దాని మెడ మీద చెయ్యి వేసి రెండుసార్లు తడతాడు, అది అలవాటు. అప్పుడు అతను బైక్ దగ్గర వంగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే తుడుస్తున్నాడు. ప్రేమ్ తాడు లాగాడు. నిర్మల వచ్చి మెడ తట్టింది. అప్పుడు కదిలింది.

*

నడుం నొప్పికి కసరత్తులు నేర్పే చోటుకు నిర్మలను తీసుకుపోతానని భూమన్న ఎన్నాళ్ళ నుంచో అంటున్నాడు. కొట్టం ఖాళీ అయి కొన్నాళ్ళు గడిచేసరికి ఇంట్లో ఊపిరాడలేదు. “నడు, ఇయ్యాలనే పోదాం” అన్నాడు. ఆమె ఆశ్చర్యపోయి చీర మార్చుకుంది.

చంద్రపూర్ బజారు వెనక వీధిలో, మేడ మీది చిన్న గది. కసరత్తులు నేర్పే పిల్ల పేరు అక్షిత, తెలుగు వాళ్ళ పిల్లే. నిర్మలను బోర్లా పడుకోబెట్టి, వెన్నుకు అటూ ఇటూ బొటనవేళ్ళతో నొక్కింది. కుడి పక్కన నొక్కితే నిర్మల పళ్ళు బిగించింది.

“ఈ ఒక్క సైడే గట్టిపడ్డది ఆంటీ. రోజూ ఒక సైడ్‌కే వంగి చేసే పని ఏమన్న ఉన్నదా? బిందె మోస్తరా?”

“నల్లా ఇంట్లనే ఉన్నది బిడ్డా. బిందెలేడియి?”

“మరి కూసునేటప్పుడు?”

నిర్మల ఆలోచించింది. “బండి మీదనే బిడ్డా” అంది, అదొక పెద్ద సంగతి కానట్టు. “మా ఆయన ఎడమకు ఒరిగి నడుపుతడు. డంపర్ అలవాటు. నేను తిన్నగ కూసుంటె బండి అటే పోతది. గందుకని నేను నడుం కుడికి నూకి కూసుంట. ఎన్కట మొదటిసారి వంకర పోతె భయమైంది. ఇగ అప్పటిసంది గట్లనే.”

అక్షిత నవ్వింది. “బ్యాలెన్స్ మీరు చేస్తున్నరన్నట్టు.”

భూమన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. గోడకున్న పెద్ద అద్దంలో తన బొమ్మ కనిపించింది. ఎడమ భుజం కిందికి, కుడి భుజం పైకి. సర్దుకుని నిలబడ్డాడు. సర్దుకుంటే కుడికి పడిపోతున్నట్టు అనిపించింది. ఊపిరి వదిలేసరికి భుజం మళ్ళీ కిందికి జారింది.

మొద్దుబారే ఎడమ కాలు, కాయలు కాసిన కుడి చెయ్యి, బరువుకు నలిగి చెమట పట్టని ఆ అరచెయ్యంత చోటు. దేన్నీ వెతకనక్కర్లేదు, అన్నీ అతని ముందే ఉన్నాయి. కస్తూరి అంచు చూసుకుంటూ పోలేదు. తను ఎటు ఒరిగితే అటు, తన బరువు కిందికి చేరడానికి పోయింది. పోతుంటే తనే కుడి పగ్గం లాగాడు. అటు బరువు, ఇటు పగ్గం, మధ్యలో ఆ కాలు. అన్ని మైళ్ళు.

బయటికి వచ్చి బైక్ దగ్గర నిలబడ్డాడు కానీ తాళం పెట్టలేదు. దత్తుకు ఫోన్ చేశాడు.

“దత్తూ, నీ నాల్‌ల తప్పు లేదయ్యా. నా తప్పే. నేను కూసునుడే వంకర.”

అటువైపు సుత్తి చప్పుడు ఆగింది. “నాకు తెలుసు కాకా, నాల్‌ల తప్పు లేదని” అన్నాడు దత్తు. “నాకు చెప్పి ఏం లాభం? ప్రణాలి తాయికి చెప్పు.”

“చెప్త. ఇప్పుడే చెప్త.”

“చెప్పు. కానీ నాగ్‌పూర్ నుంచి వేరే మనిషి వచ్చిండు, క్లబ్బు గుర్రాలన్ని ఆయనకే ఇచ్చిన్రు.” సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది.

“ఏమైంది?” అంది నిర్మల. భూమన్న బైక్‌ను ఇంటివైపు కాక బల్లార్‌పూర్ వైపు తిప్పాడు.

ప్రేమ్ అప్పుడే కస్తూరికి నీళ్ళు తాపి, జీను లేకుండా ఉత్త వీపు మీద కూర్చుని వస్తున్నాడు. దుల్కీ. గుర్రం తల ఒకే ఎత్తులో ఉంది. నాలుగు గిట్టలూ ఒకే చప్పుడు చేస్తున్నాయి. నిర్మల “అగో, మంచిగ ఉరుకుతుంది” అంది సంతోషంగా. ఆమె సంతోషం చూస్తే భూమన్నకు ఇంకా కష్టమైంది.

“కుంటుడా? ఏడ కాకా?” అన్నాడు ప్రేమ్ దిగుతూ. “సొక్కంగ ఉన్నది.”

“నాకు వాపస్ ఇయ్యి ప్రేమ్. నువ్వేమడిగితె అది చేస్త.”

“పెండ్లిళ్ళ దినాలు కాకా. దీన్ని చూపించి మాటిచ్చిన మందికి. తెల్ల బట్ట సుత కుట్టిచ్చిన. నా మాట పోతది.” కోపంగా అనలేదు. ఇచ్చిన మాట గురించే చెప్పాడు. మాట వెనక్కి తీసుకోని మనుషుల సంగతి భూమన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతను కస్తూరి దగ్గరికి పోయాడు. అప్పటిదాకా నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడ్డ గుర్రం, అతను పక్కకు రాగానే ఎడమ ముందు కాలిని కాస్త బయటికి చాపి, కండ బిగించి నిలబడింది. జీను లేదు, కళ్ళెం లేదు, ఎక్కేది లేదు. అయినా ఆ మనిషి వచ్చాడంటే ఆ బరువు అటు పడుతుందని దానికి తెలుసు. అందుకని ముందే సిద్ధమైంది. భూమన్న ఎత్తిన చెయ్యి మెడ దాకా పోలేదు. గేటు దగ్గర తట్టకుండా పంపిన చెయ్యి అది. రెండడుగులు వెనక్కి వేశాడు. అతను దూరం జరిగాక కస్తూరి కాలు దగ్గరికి తీసుకుని, వదులుగా నిలబడి, ప్రేమ్ చేతిలోని గడ్డి అందుకుంది.

“పోదాం పా” అన్నాడు నిర్మలతో.

తిరుగు దారిలో బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నిర్మల ఎప్పటిలాగే కాళ్ళు ఒక పక్కకు వేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కింది. భూమన్న బండి కదిలించాడు. వెన్ను తిన్నగా పెట్టాడు. ఎడమ భుజం ఎత్తి పట్టాడు. అతను తిన్నగా కూర్చోగానే బండి కుడికి లాగింది. లారీ హారన్ చెవి పక్కనుంచి పోయింది. తడబడి బ్రేకు వేసి, బండిని ఎడమ పక్క మట్టిలోకి దింపి ఆపాడు.

“మధ్యల కూసో నిర్మలా.”

“మధ్యలనే కూసున్న కద” అంది నిర్మల. అబద్ధం కాదు. ఆమె నడుం కుడికి తోసుకుని ఉంది, ఆమెకు అదే మధ్య. “ఇయ్యాల నువ్వే ఎట్లనో కూసున్నవ్. పడుతుంటిమి. ఎప్పటి లెక్క కూసో అయ్యా, నేను సదురుకుంట.”

“ఒద్దు” అన్నాడు భూమన్న. “ఇగ సదురుకోకు.”

నిర్మలకు ఏమీ అర్థం కాలేదు. వెనకనుంచి చెయ్యి చాపి, జ్వరమేమోనని అతని మెడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. భూమన్న ఏడ్చాడు. లారీల దుమ్ము అనుకోవడానికి వీలుగా ముఖం తుడుచుకుని బండి స్టార్ట్ చేశాడు. అతను ఎడమకు జారుతూ, మళ్ళీ సరిచేసుకుంటూ, ఆమె కుడికి తోసుకుంటూ, మళ్ళీ మానుకుంటూ, తిన్నగా కూర్చోవడం ఇద్దరికీ చేతకాక, బండి ఊగుతూ ఊగుతూ దుర్గాపూర్ దాకా మెల్లగా పోయింది.